మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ సంస్థను దేశం దాటించడం ఎలా: ప్రమోటర్ల కోసం సమగ్ర మార్గదర్శి

అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్, అంటే అందరూ యూఎఫ్‌సీ అనే సంస్థను 2001 జనవరిలో ఫెర్టిట్టా సోదరులు 20 లక్షల డాలర్లకు కొన్నారు. 2016లో అదే సంస్థ సుమారు 400 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసుకుని ఈ వ్యాపారంలోకి దిగినవాళ్లు చాలామందే ఉన్నారు. మధ్యలో ఆ సోదరులు సుమారు 4 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారనీ, 2004లో ఇక అమ్మేద్దామని బేరం పెట్టే దాకా వెళ్లారనీ మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

మూతపడిన సంస్థల కథలు చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఎలైట్ ఎక్స్‌సీకి జాతీయ టీవీలో చోటుంది. అఫ్లిక్షన్‌కి పేరున్న హెవీవెయిట్‌లున్నారు. జపాన్‌లో ప్రైడ్‌కి స్టేడియాల నిండా జనం వచ్చారు. వాళ్లు దెబ్బతిన్నది వరుస దగ్గర. అడుగున వేయాల్సిన రాయి వేయకుండానే పై అంతస్తు లేపారు. అందుకే ఇక్కడ చెప్పే అడుగులు ఏమిటన్నదానికంటే, ఏది ముందు ఏది తర్వాత అన్నదే ముఖ్యం.

మొదటి అడుగు: చట్టం, నిబంధనలు

తొలి యూఎఫ్‌సీ 1993 నవంబర్ 12న డెన్వర్‌లో జరిగింది. బరువు తరగతులు లేవు. కొరకడం, కళ్లలో పొడవడం లాంటివి తప్ప దాదాపు అన్నీ చెల్లుబాటే. రూల్స్ లేవన్నదే ప్రచారం. ఒక బాక్సర్ ఒక్క చేతికే గ్లవ్ తొడుక్కుని బరిలోకి దిగాడు. సన్నగా కనిపించే రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసి 50 వేల డాలర్లు గెలుచుకున్నాడు. ప్రచారం బ్రహ్మాండంగా పనిచేసింది, తర్వాత అదే మెడకు చుట్టుకుంది. సెనేటర్ జాన్ మెకెయిన్ దీన్ని మనుషుల కోడిపందెమని తిట్టి, నిషేధించమంటూ 1996లో 50 రాష్ట్రాల గవర్నర్లకూ ఉత్తరాలు రాశారు. 36 రాష్ట్రాలు నిషేధించాయి. అంతకన్నా గట్టి దెబ్బ కేబుల్ కంపెనీల నుంచి వచ్చింది. పెద్ద కంపెనీలు పే-పర్-వ్యూ (ఒక్కో పోటీ చూడటానికి ఇంట్లో విడిగా డబ్బు కట్టే పద్ధతి) నుంచి దీన్ని తీసేయడంతో సంస్థకు ఉన్న ప్రధాన ఆదాయ మార్గం ఎండిపోయింది.

బయటపడిన దారి న్యూజెర్సీలో మొదలైంది. అక్కడి అథ్లెటిక్ కంట్రోల్ బోర్డు బరువు తరగతులు, 5 నిమిషాల రౌండ్లు, ఫౌల్స్ జాబితా, 10 పాయింట్ల స్కోరింగ్ కలిపి ఒక చట్రం తయారుచేసింది. 2000 నవంబర్‌లో యూఎఫ్‌సీ 28వ పోటీ ఆ రాష్ట్ర పర్యవేక్షణలోనే జరిగింది. 2001 ఏప్రిల్‌లో ఆ చట్రమే యూనిఫైడ్ రూల్స్‌గా ఖరారైంది. ఈ ఘనతంతా కొత్త యజమానులదేనని చాలాచోట్ల రాస్తారు. నిజానికి వాళ్లు కొనకముందే పాత యజమానులు ఈ పని మొదలుపెట్టారు, ఫలితం తినే ఓపిక మాత్రం వాళ్లకు మిగల్లేదు. లోరెంజో ఫెర్టిట్టా అంతకుముందు నెవాడా అథ్లెటిక్ కమిషన్ సభ్యుడు. ఏ కాగితం ఎవరి బల్ల మీదకు వెళ్లాలో ఆయనకు తెలుసు. 2001లోనే నెవాడా కూడా అనుమతిచ్చింది.

దీన్నిబట్టి మీరు చేయాల్సిన మొదటి పని కేజ్ (పోటీ జరిగే కంచె బరి) కొనడం కాదు, లాయర్‌ని పెట్టుకోవడం. మీరు వెళ్లాలనుకునే దేశంలో పంచ్‌లున్న పోటీలకు అనుమతి ఎవరి చేతుల్లో ఉందో కనుక్కోండి. ఒకచోట బాక్సింగ్ కమిషన్, ఇంకోచోట క్రీడల మంత్రిత్వ శాఖ, మరోచోట ఏదో ఒక ఫెడరేషన్. ఫ్రాన్స్‌లో 2020 దాకా వృత్తిపరమైన ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) పోటీలకు అనుమతే లేదు. ఆ ఏడాది దీన్ని అక్కడి బాక్సింగ్ ఫెడరేషన్ గొడుగు కిందకు తెచ్చి చట్టబద్ధం చేశారు. 2022 సెప్టెంబర్‌లో పారిస్‌లో యూఎఫ్‌సీ తొలి పోటీ పెట్టింది, సొంత గడ్డ మీది సిరిల్ గాన్‌నే మెయిన్ ఈవెంట్‌లో, అంటే ఆ రాత్రి ప్రధాన ఫైట్‌లో దింపింది.

రెండో పని, వ్యతిరేకించేవాళ్ల అసలు కారణం కనుక్కోవడం. న్యూయార్క్ రాష్ట్రం 1997లో నిషేధించి, 2016 దాకా తలుపు తెరవలేదు. బయటికి వినిపించిన కారణం హింస. వెనకాల ఉన్నది లాస్ వేగాస్‌లో ఫెర్టిట్టాల క్యాసినోల్లో యూనియన్ లేదన్న హోటల్ కార్మిక సంఘాల కోపం. ఏళ్ల తరబడి డాక్టర్ల నివేదికలు పట్టుకు తిరిగినా అలాంటి తలుపు తెరుచుకోదు, ఎందుకంటే గొడవ వైద్యం గురించి కానే కాదు. తలుపు తెరుచుకునే రోజుకి సిద్ధంగా ఉండటం కూడా ఈ పనిలో భాగమే. కెనడాలో ఒంటారియో 2010లో అనుమతిచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లోనే టొరంటో స్టేడియంలో 55 వేల మందికి పైగా కూర్చున్నారు.

సొంత నిబంధనలు కనిపెట్టాలన్న సరదా వదిలేయండి. కేజ్ ఆకారం మార్చుకోండి, పాటలు మార్చుకోండి, ఫార్మాట్ మార్చుకోండి. ఫౌల్స్, స్కోరింగ్ మాత్రం ప్రపంచం వాడేవే వాడండి. మీ ఫైటర్ రేపు ఇంకో దేశంలో పోటీ పడాలి, మీ ఫలితం అతని రికార్డులో చెల్లాలి.

రెండో అడుగు: డాక్టర్ మాటే ఆఖరి మాట

ఇది చిన్న అడుగు, కానీ బేరాలాడకూడని అడుగు. రక్త పరీక్షలు, కంటి పరీక్ష, మెదడు స్కాన్ లేనిదే ఎవరినీ బరిలోకి దింపకండి. కేజ్ పక్కన డాక్టర్లు, బయట ఇంజిన్ ఆన్‌లో అంబులెన్స్ ఉండాలి. అంబులెన్స్ ఒకరిని తీసుకెళ్తే రెండోది వచ్చే దాకా తర్వాతి ఫైట్ మొదలుపెట్టొద్దు. నాకౌట్ అయినవాళ్లకు స్పారింగ్‌తో (జిమ్‌లో సాధన కోసం కొట్టుకోవడంతో) సహా విశ్రాంతి గడువు రాసివ్వాలి, ఆ గడువులో ఎవరితో ఎవరు ఆడాలో కుదిర్చే మీ మ్యాచ్‌మేకర్ వాళ్లకు ఫోన్ కూడా చేయకూడదు.

అసలు ప్రమాదం చాలాసార్లు కేజ్‌లో కాదు, దానికి ముందు రోజు ఆవిరి గదిలో ఉంటుంది. బరువు తరగతి అందుకోవడానికి ఒంట్లో నీళ్లు పిండేసుకునే పద్ధతిని ఈ రంగంలో వెయిట్ కట్ అంటారు. 2015 డిసెంబర్‌లో మనీలాలో ఆసియా సంస్థ వన్ ఛాంపియన్‌షిప్ పోటీకి వచ్చిన ఒక చైనా యువ ఫైటర్ ఇలాగే బరువు తగ్గించుకుంటూ ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ సంస్థ బరువుతో పాటు మూత్ర పరీక్షతో ఒంట్లో నీటి శాతం కూడా చూసే పద్ధతి తెచ్చింది. మిగతా సంస్థలు పెద్దగా అనుసరించలేదు. ఖర్చు, తలనొప్పి రెండూ ఉన్నాయి కాబట్టి. నా ఉద్దేశంలో కొత్తగా పెట్టేవాళ్లకు ఇది మొదటి రోజు నుంచే పెట్టుకోదగ్గ నిబంధన. అలవాటు పడ్డాక మార్చడం కష్టం.

మూడో అడుగు: కార్డ్ అల్లడం

ఒక రాత్రి జరిగే ఫైట్ల వరుసని కార్డ్ అంటారు. ఈ వ్యాపారంలో అసలైన పనితనమంతా ఇక్కడే ఉంది. ప్రమోటర్ పేరు పోస్టర్ మీద ఉంటుంది, సంస్థను నిలబెట్టేది మాత్రం పేరు బయటికి రాని మ్యాచ్‌మేకర్.

2008 అక్టోబర్ 4న ఎలైట్ ఎక్స్‌సీ అమెరికాలో సీబీఎస్ ఛానల్ మీద ప్రత్యక్ష ప్రసారం పెట్టుకుంది. ఇంటర్నెట్ వీడియోల్లో వీధి కొట్లాటలతో పేరు తెచ్చుకున్న కింబో స్లైస్ దాని ముఖచిత్రం. పోటీ రోజే ప్రత్యర్థి కెన్ షామ్రాక్‌కి కంటి పైన చర్మం తెగింది. అదే కార్డ్‌లో కింద ఉన్న సేథ్ పెట్రుజెల్లీని హడావుడిగా పైకి తెచ్చారు. 14 సెకన్లలో కింబో పడిపోయాడు. అదే నెలలో సంస్థ తలుపులు మూసుకుంది. ఒక్క ఓటమి ఒక సంస్థను చంపదు. ఆ ఒక్క మనిషి మీదే మొత్తం కట్టి ఉంటే చంపుతుంది.

మరుసటి ఏడాది అఫ్లిక్షన్ వంతు. టీషర్టుల కంపెనీ, చేతికి ఎముక లేకుండా జీతాలిచ్చి రెండు పోటీలు పెట్టింది. 2009 ఆగస్టులో పెట్టాల్సిన మూడో పోటీకి ముందు జోష్ బార్నెట్ డ్రగ్ టెస్టులో దొరికాడు, పోటీ రద్దయింది, ప్రమోషన్ వ్యాపారమే ఆగిపోయింది. ఇలాంటి దెబ్బ యూఎఫ్‌సీకి తగల్లేదా అంటే, తగిలింది. 2012 సెప్టెంబర్‌లో 151వ పోటీకి ముందు డాన్ హెండర్సన్ గాయపడ్డాడు, కొత్త ప్రత్యర్థితో ఆడటానికి ఛాంపియన్ జాన్ జోన్స్ ఒప్పుకోలేదు, పోటీ మొత్తం రద్దయింది. అప్పటికి కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం చేతిలో ఉంది కాబట్టి కంపెనీ తట్టుకుంది. మీ దగ్గర అది ఉండదు.

అందువల్ల కార్డ్ అల్లేటప్పుడు ఈ లెక్క పాటించండి. మెయిన్ ఈవెంట్ పోయినా టికెట్ డబ్బులు వెనక్కి అడగకుండా జనాన్ని కూర్చోబెట్టగల ఫైట్ ఇంకొకటి అదే రాత్రి ఉండాలి. మెయిన్ ఈవెంట్ బరువు తరగతిలోనే మరో ఇద్దరు అదే కార్డ్‌లో కింద ఆడుతూ ఉండాలి, అప్పుడే ప్రత్యామ్నాయం దొరుకుతుంది. బరువు తూగి సిద్ధంగా కూర్చునే స్టాండ్‌బై ఫైటర్‌కి కూడా డబ్బు కట్టండి. అది వృథా ఖర్చులా కనిపిస్తుంది, ఒకసారి అవసరం పడే దాకా.

మొదట్లో అన్ని బరువు తరగతులూ నడపాలని చూడకండి. మీ ప్రాంతంలో మనుషులు ఎక్కువ దొరికే మూడు నాలుగు తరగతులు తీసుకుని వాటిలో లోతు పెంచండి. ప్రపంచమంతా హెవీవెయిట్ నాకౌట్లు ఇష్టపడుతుంది నిజమే, కానీ నాణ్యమైన హెవీవెయిట్‌లు ఎక్కడా ఎక్కువమంది ఉండరు. ఇద్దరు దొరికితే ఛాంపియన్ బెల్ట్ తయారుచేసి పెట్టడం, మూడో మనిషి లేక ఆ బెల్ట్ ఏళ్ల తరబడి మూలన పడి ఉండటం చిన్న సంస్థల్లో మామూలే.

ఇంకో దారి కూడా ఉంది. పీఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫైటర్స్ లీగ్) అనే సంస్థ 2018లో సీజన్ పద్ధతితో మొదలైంది. పాయింట్ల పట్టిక, ప్లేఆఫ్‌లు, ఫైనల్ గెలిచినవాళ్లకు 10 లక్షల డాలర్లు. ఈ పద్ధతిలో తర్వాత ఎవరితో ఎవరన్నది ఆఫీసులో కాకుండా పట్టికలో తేలుతుంది. మామూలు క్రీడాభిమానికి ఇది వెంటనే అర్థమవుతుంది. చిక్కల్లా గాయాలతోనే. ఈ ఆటలో ఒక మనిషిని ఏడాదిలో నాలుగుసార్లు బరిలోకి దింపడం పట్టిక గీసినంత తేలిక కాదు.

నాలుగో అడుగు: ఉచితంగా చూపించి అలవాటు చేయడం

2005లో యూఎఫ్‌సీని బతికించింది ఫైట్ కాదు, ఒక రియాలిటీ షో. ది అల్టిమేట్ ఫైటర్ ఆ జనవరిలో స్పైక్ టీవీలో మొదలైంది. ఛానల్ డబ్బు పెట్టడానికి ఇష్టపడలేదు, నిర్మాణానికి సుమారు కోటి డాలర్లు సంస్థే భరించింది. ఏప్రిల్ 9న ఫైనల్లో ఫారెస్ట్ గ్రిఫిన్, స్టీఫన్ బోనర్ మూడు రౌండ్లు ఊపిరాడకుండా కొట్టుకున్నారు. అంతకుముందు వారాల పాటు వాళ్లు ఆ ఇంట్లో తినడం, పోట్లాడుకోవడం, ఇంటి మీద బెంగ పెట్టుకోవడం జనం చూశారు కాబట్టే ఆ ఫైట్ అంత పనిచేసింది. తెలియని ఇద్దరు అంతే బాగా ఆడి ఉంటే ఛానల్ మార్చేసేవాళ్లు.

ఇప్పుడు అంత ఖర్చు అవసరం లేదు. ఒక కెమెరామన్, ఒక ఎడిటర్, ఫైట్‌కి ఆరు వారాల ముందు నుంచి రోజూ జిమ్‌లో ఉంటే చాలు. చిన్న క్లిప్‌లు ఉచితంగా వదలండి. పాత ఫైట్లు కూడా ఉచితంగా పెట్టండి. డబ్బు గోడ ఎప్పుడు కట్టాలంటే, జనం మీ తర్వాతి పోటీ తేదీ వాళ్లంతట వాళ్లు అడగడం మొదలుపెట్టాక.

వదులుకోకూడనిది ఒక్కటే, ఫుటేజ్ మీద యాజమాన్య హక్కు. ప్రసారాన్ని ఛానల్‌కి అప్పగించకుండా మీరే తీసి ఇవ్వండి. ఛానల్‌కి ఇచ్చేది కొంతకాలం చూపించుకునే హక్కు మాత్రమే అని ఒప్పందంలో రాయించుకోండి. 2007లో యూఎఫ్‌సీ ప్రైడ్‌ని కొన్నప్పుడు చివరికి నికరంగా మిగిలింది ఆ పాత ఫైట్ల భాండాగారమే. తర్వాత ఫైట్ పాస్ అనే సొంత స్ట్రీమింగ్ సేవలో ఆ పాత టేపులకు చోటు దొరికింది.

ఆ ప్రైడ్ పడిపోయిన తీరు కూడా ఈ అడుగులోనే చెప్పుకోవాలి. 2006 జూన్‌లో నేర ముఠాలతో సంబంధాలున్నాయన్న ఆరోపణల మధ్య ఫుజి టీవీ ఒప్పందం రద్దు చేసింది. టోక్యో చుట్టుపక్కల వేల మందితో హాళ్లు నింపిన సంస్థ ఒక్క ఛానల్ పోవడంతో ఏడాది తిరక్కుండానే అమ్మకానికొచ్చింది. మొత్తం ఆదాయంలో సగానికి మించి ఏ ఒక్కరి నుంచీ రాకూడదని మొదటి నుంచీ నియమం పెట్టుకోండి. మొదట్లో కుదరకపోవచ్చు. కుదిరే దాకా ప్రతి నెలా ఆ శాతం రాసుకుంటూ ఉండండి.

ఐదో అడుగు: డబ్బు ఎక్కడి నుంచి

కొత్త ప్రమోటర్లు పే-పర్-వ్యూ గురించే కలలు కంటారు. 2018 అక్టోబర్‌లో ఖబీబ్, మెక్‌గ్రెగర్ ఫైట్‌ని సుమారు 24 లక్షల మంది కొన్నారు కాబట్టి ఆ కల సహజమే. కానీ యూఎఫ్‌సీయే ఆ దారి వదిలేసింది. 2018లో ఈఎస్‌పీఎన్‌తో, 2019 నుంచి మొదలయ్యేలా, ఐదేళ్లకు 150 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని రిస్క్‌ని ఛానల్ వైపు నెట్టింది. 2025 ఆగస్టులో పారమౌంట్‌తో ఏడేళ్లకు 770 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుని, 2026 నుంచి అమెరికాలో పే-పర్-వ్యూనే ఎత్తేసింది. అంటే స్టార్ గాయపడినా పడకపోయినా డబ్బు వస్తుంది. ఈ రంగంలో ఆఖరికి అందరూ చేరాలనుకునే ఒడ్డు అదే, పైకి ఎవరు ఏం చెప్పినా.

మీరు ఉన్నది ఈ ఒడ్డున. ఇక్కడ లెక్క ఇలా వేసుకోండి. మొదటి పోటీలకు టికెట్ డబ్బు తప్ప వేరే ఆదాయం సున్నా అనుకోండి. ఖర్చు వైపు ఫైటర్ల పర్సులు (ఫైట్‌కి ఇచ్చే డబ్బు), ఒక్కొక్కరితో పాటు కార్నర్‌లో నిలబడే ఇద్దరి ప్రయాణం, హోటల్, వైద్యం, ఇన్సూరెన్స్, కమిషన్ ఫీజు, లైట్లు, కేజ్, ప్రసార బృందం. చిన్న సంస్థల్లో ప్రసార ఖర్చు చాలాసార్లు పర్సుల్ని దాటిపోతుంది. ఈ లెక్కలో పాస్ అయ్యే హాలే తీసుకోండి. పది వేల సీట్ల హాల్లో మూడు వేల మంది కూర్చుంటే కెమెరాకి ఖాళీయే కనిపిస్తుంది, స్పాన్సర్‌కి కూడా. రెండు వేల సీట్ల హాలు కిక్కిరిస్తే తర్వాతి పోటీకి టికెట్ ధర పెంచొచ్చు.

కాస్త పేరు వచ్చాక నగరాలు, పర్యాటక శాఖలు మా ఊళ్లో పెట్టండి అంటూ ఎదురు డబ్బిస్తాయి. దీన్ని సైట్ ఫీజు అంటారు. 2020 జూలైలో కోవిడ్ వల్ల దేశాల సరిహద్దులు మూసుకున్నప్పుడు అబుదాబి యాస్ ఐలాండ్‌లో ఫైట్ ఐలాండ్ పేరుతో యూఎఫ్‌సీ పోటీలు నడిచాయి. ఆ ఊరూ ఈ సంస్థా అప్పటికే ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి అంత వేగంగా కుదిరింది. సైట్ ఫీజు తియ్యటి డబ్బు, అయితే ఒక ప్రమాదం ఉంది. సీట్లు ఎవరు కొంటున్నారో మీరు పట్టించుకోవడం మానేస్తారు. ఫీజు ఇచ్చేవాళ్ల మనసు మారిన రోజు మీకు అభిమానులు ఉన్నారో లేదో తేలుతుంది.

ఆరో అడుగు: కొత్త దేశంలోకి

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. విమానంలో కేజ్ తీసుకెళ్లి, అక్కడి పెద్ద హాలు బుక్ చేసి, పోస్టర్ మీద జెండా వేస్తే ఆ దేశంలోకి వెళ్లినట్టు కాదు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా.

మొదట కావాల్సింది ఆ దేశపు మనిషి. అతను అక్కడి జిమ్‌లో పెరిగి, అక్కడి చిన్న పోటీల్లో గెలిచి ఉండాలి. కోనర్ మెక్‌గ్రెగర్ యూఎఫ్‌సీకి రాకముందే కేజ్ వారియర్స్‌లో రెండు బరువు తరగతుల బెల్ట్‌లు గెలిచాడు. 2014 జూలైలో డబ్లిన్‌లో అతన్ని మెయిన్ ఈవెంట్‌లో పెడితే హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. ఆ అరుపుని యూఎఫ్‌సీ తయారుచేయలేదు, కేజ్ వారియర్స్ లాంటి ప్రాంతీయ సంస్థలు తయారుచేసి పెట్టాయి. అందుకే కొత్త దేశంలో అడుగుపెట్టగానే అక్కడి చిన్న ప్రమోటర్లతో పోటీ పడి వాళ్లను తినేయాలని చూడొద్దు. వాళ్ల ఛాంపియన్లకు మీ సంస్థలో చోటు ఇస్తామని ఒప్పందం చేసుకోండి, ఫైటర్‌ని తీసుకున్నప్పుడు వాళ్లకూ కొంత ఇవ్వండి.

చైనా ఉదాహరణ ఇంకా ఓపికగా చూడాల్సింది. చైనా ప్రధాన భూభాగంలో యూఎఫ్‌సీ తొలి పోటీ 2017 నవంబర్‌లో షాంఘైలో జరిగింది. 2019లో అదే నగరంలో పెద్ద శిక్షణ కేంద్రం కట్టారు. ఆ ఆగస్టులో షెన్‌జెన్‌లో జాంగ్ వెయ్‌లీ 42 సెకన్లలో జెసికా ఆండ్రేడ్‌ని ఓడించి తొలి చైనా ఛాంపియన్ అయింది. శిక్షణ కేంద్రం ఛాంపియన్‌ని పుట్టించలేదు, ఆమె అంతకుముందే తయారైంది. కానీ ఆమె తర్వాత వచ్చేవాళ్లకు దారి ఉండాలంటే కేంద్రం కావాలి. 2017లో లాస్ వేగాస్‌లో, 2024లో మెక్సికో సిటీలో కూడా ఇలాంటివే తెరిచారు.

జాంగ్ పేరు వచ్చింది కాబట్టి మహిళల విభాగం గురించి ఇక్కడే చెప్పాలి. యూఎఫ్‌సీలో మహిళలు ఎప్పుడు ఆడతారని 2011లో అడిగితే ఎప్పటికీ ఆడరని సంస్థ అప్పటి అధ్యక్షుడు డానా వైట్ కెమెరా ముందు అన్నారు. 2013 ఫిబ్రవరిలో రోండా రౌజీ తొలి మహిళల ఫైట్‌కి మెయిన్ ఈవెంట్‌గా దిగింది. 2015 నవంబర్‌లో మెల్‌బోర్న్‌లో రౌజీ, హోలీ హోమ్ ఫైట్‌కి 56 వేల మందికి పైగా వచ్చారు. కొత్త దేశంలో మగవాళ్ల తరగతులు ఇప్పటికే విదేశీయులతో నిండిపోయి ఉంటే, మీ మొదటి స్థానిక ఛాంపియన్ మహిళ అయ్యే అవకాశమే ఎక్కువ. జూడో, రెజ్లింగ్, టైక్వాండోలో పతకాలు తెచ్చుకుని, ఆ తర్వాత ఏం చేయాలో తోచని అమ్మాయిలు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్లకు రెండేళ్లు జీతమిచ్చి శిక్షణ ఇప్పించండి.

సమయం కూడా చూసుకోండి. మెల్‌బోర్న్‌లో ఆ మహిళల ఫైట్ ఆదివారం పగటిపూట జరిగింది, ఎందుకంటే అప్పుడు అమెరికాలో శనివారం రాత్రి. హాల్లోని ప్రేక్షకుడు ముఖ్యమా, ఇంకో ఖండంలో టీవీ ముందున్నవాడు ముఖ్యమా అన్నది ముందే తేల్చుకోండి. తొలి రెండు మూడు పోటీలకైనా హాల్లోవాళ్లకే ఓటేయమని నా సలహా. వ్యాఖ్యానం ఆ దేశపు భాషలోనే ఉండాలి, అదీ ఆ ఆట ఆడినవాళ్లతో. తర్జుమా వ్యాఖ్యానం వింటే ప్రేక్షకుడికి అద్దె ఇంట్లో ఉన్నట్టుంటుంది.

అసలు అందరూ ప్రపంచం మీద పడాలా? పోలండ్‌లో కేఎస్‌డబ్ల్యూ అనే స్థానిక సంస్థ 2017 మేలో వార్సా జాతీయ స్టేడియాన్ని 57 వేల మందికి పైగా జనంతో నింపింది. ప్రపంచ ర్యాంకింగ్‌ల పైవరసలో ఉన్న ఫైటర్లతో కాదు, ఆ దేశం గుర్తుపట్టే ముఖాలతో. ఒక దేశంలో బలంగా పాతుకుపోయిన సంస్థ పదిహేను దేశాల్లో తూతూమంత్రంగా తిరిగే సంస్థ కంటే ఎక్కువ లాభం చూసే రోజులే ఎక్కువ.

ఏడో అడుగు: ఫైటర్ల వాటా

ఈ వ్యాపారానికి ఇంకా తీరని బాకీ ఇది. 2014 డిసెంబర్‌లో కొందరు మాజీ ఫైటర్లు యూఎఫ్‌సీ మీద గుత్తాధిపత్యం కేసు వేశారు. ఆ కేసులో బయటపడ్డ లెక్కల ప్రకారం ఆదాయంలో ఫైటర్లకు చేరింది 20 శాతం చుట్టుపక్కలే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆటగాళ్లకు దాదాపు సగం వస్తుంది. 33.5 కోట్ల డాలర్లకు కుదిరిన మొదటి రాజీని జడ్జి 2024లో తిప్పికొట్టారు, తర్వాత 37.5 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నారు. బాక్సర్లకు 2000లో వచ్చిన మహమ్మద్ అలీ చట్టం ప్రమోటర్ లెక్కలు చూపించమంటుంది. ఎంఎంఏకి అది వర్తించదు, యూనియన్ కూడా లేదు.

తక్కువ ఇచ్చే పెరిగారు కదా, మనమూ అలాగే చేద్దాం అనుకునేవాళ్లకు ఒక మాట. వాళ్లు అలా ఇవ్వగలిగింది ఫైటర్‌కి వెళ్లడానికి సమానమైన ఇంకో చోటు లేకపోవడం వల్ల. మీ ఫైటర్‌కి ఆ చోటు ఉంది, అది యూఎఫ్‌సీయే. మీరు తక్కువ ఇస్తే గెలిచిన రోజే వెళ్లిపోతాడు.

జీతం రాసే పద్ధతి కూడా మార్చండి. బరిలోకి దిగినందుకు ఇంత, గెలిస్తే ఇంకో అంత అనే పాత పద్ధతిలో ముగ్గురు జడ్జిల్లో ఒకరి స్కోరు తేడాతో మనిషి ఆదాయం సగమైపోతుంది. ఓడిపోతానన్న భయంతో ఆడేవాడు రిస్క్ తీసుకోడు, ప్రేక్షకుడు ఆవలిస్తాడు. పెద్ద భాగం ఖాయంగా ఇచ్చి, మంచి ఫైట్‌కి బోనస్ పెట్టండి. షార్ట్స్ మీద సొంత స్పాన్సర్లను పెట్టుకోనివ్వండి. 2015 జూలైలో యూఎఫ్‌సీ రీబాక్ యూనిఫాం తెచ్చి సొంత స్పాన్సర్లను తీసేసినప్పుడు టీవీలో చూడ్డానికి బాగుంది, కింది వరుస ఫైటర్ల ఇళ్లలో మాత్రం పొయ్యి మీద ప్రభావం పడింది. శిక్షణలో తగిలే గాయాలకు కూడా ఇన్సూరెన్స్ ఉండాలి, ఎందుకంటే ఫైటర్ ఎక్కువగా గాయపడేది జిమ్‌లోనే. ఒప్పందం గడువు రెండేళ్లో మూడేళ్లో, అంతే. ఛాంపియన్ అయితే గడువు దానంతటదే పెరిగిపోయే షరతు పెట్టకండి.

ఎనిమిదో అడుగు: డ్రగ్ టెస్టులు, బెట్టింగ్

టెస్టులు మీ ఆఫీసు చేయించకూడదు, బయటి స్వతంత్ర సంస్థకు అప్పగించాలి. ఫలితం మీ కన్నా ముందు కమిషన్‌కి వెళ్లాలి. బెట్టింగ్ విషయంలో 2022 నవంబర్‌లో ఒక ఫైట్ ముందు పందేల ధోరణి అనుమానాస్పదంగా మారడంతో ఒంటారియో కొంతకాలం యూఎఫ్‌సీ మీద పందేలనే ఆపేసింది. ఫైటర్‌కి గాయమైందన్న సంగతి జిమ్ నుంచి బయటికి పొక్కడమే ఇందులో అసలు సరుకు. ఫైటర్, కోచ్, వాళ్ల ఇంటివాళ్లు, మీ ఉద్యోగులు ఎవరూ పందెం కాయకూడదని ఒప్పందంలోనే రాయండి. అనుమానం వస్తే ఫైట్ ఆపేసే అధికారం మార్కెటింగ్ మనిషి చేతిలో పెట్టొద్దు.

తొమ్మిదో అడుగు: అమెచ్యూర్ పునాది

లాభం రాని పని కాబట్టి దీన్ని అందరూ చివరికి వదిలేస్తారు. 2012లో ఏర్పడిన అంతర్జాతీయ అమెచ్యూర్ సమాఖ్య ఐఎంఎంఏఎఫ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు, యువజన పోటీలు నడుపుతోంది. మీ దేశపు సమాఖ్య అందులో ఉంటే దానికి డబ్బివ్వండి, లేకపోతే ఏర్పడటానికి సాయపడండి. కానీ ఆ సమాఖ్య కుర్చీలో మీరు కూర్చోవద్దు. ప్రమోటరే సమాఖ్యను నడిపితే ప్రభుత్వ గుర్తింపు అడిగినప్పుడు మొదట అడ్డొచ్చేది ఆ ప్రశ్నే.

ఖర్చు పెట్టాల్సింది రెఫరీలు, జడ్జిల శిక్షణ మీద. ఫైటర్లు ఎలాగో పుట్టుకొస్తారు. చోక్ (మెడ బిగించే పట్టు) బిగిసిన క్షణంలో స్పృహ తప్పిందో లేదో పసిగట్టి, రెండు సెకన్లు ఆలస్యం కాకుండా దూకే రెఫరీ తయారవడానికి వందల ఫైట్లు పడతాయి. ఆ వందల ఫైట్లు అమెచ్యూర్ పోటీల్లోనే దొరుకుతాయి. ప్రతి శనివారం ఏదో ఒక చిన్న హాల్లో హెల్మెట్, షిన్ గార్డులతో పిల్లలు ఆడే పోటీకి డాక్టర్ ఫీజు, రెఫరీ ఫీజు మీరే కట్టండి. బదులుగా ఒక్కటి అడగండి. ప్రతి ఫైట్ ఫలితం, ప్రతి నాకౌట్, ప్రతి వైద్య విశ్రాంతి గడువు ఒకే రిజిస్టర్‌లోకి ఎక్కాలి. అక్కడ నాకౌట్ అయిన కుర్రాడు వారం తిరక్కుండా పక్క దేశంలో మారుపేరుతో బరిలోకి దిగకుండా ఆపేది ఆ రిజిస్టర్ ఒక్కటే.